మందు ఇవాళ వేసుకుంటే ఇవాళే ఎందుకు తగ్గదు?

(హైదరాబాద్‌లో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం సాయంత్రం ఒక సైకియాట్రిస్టు మాట్లాడినది. రికార్డింగ్ విని రాసుకున్నాం కాబట్టి మాట తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. స్లైడ్లు గట్రా ఏమీ తేలేదు, తెస్తే మీరు వాటికి ఫోటోలు తీసుకుంటారు, నేను చెప్పేది వినరు.

లోపలికి వస్తుంటే గేటు దగ్గర ఒక పెద్దాయన ఆపి, "మేడం, మీరు ఎర్రగడ్డ డాక్టరా?" అన్నారు. కాదండీ అన్నాను. ఆయన మొహంలో కొంచెం ఊరట కనిపించింది. మన ఊళ్ళో ఎర్రగడ్డ అంటే మెట్రో స్టేషన్ ఉంది, రైతు బజార్ ఉంది, అయినా కోపం వస్తే "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలి" అనే అంటాం. అదే ఎర్రగడ్డలో ఛాతీ ఆస్పత్రి కూడా ఉంది, టీబీ వాళ్ళు వెళ్ళేది. టీబీ గోలీలు ఆరు నెలలు వాడాలంటే ఎవరూ నామోషీ పడరు. ఆ పక్కనే ఉన్న మానసిక ఆస్పత్రిలో రాసిన గోలీలు మాత్రం బీరువాలో చీరల కింద దాస్తారు.

విచిత్రం ఏంటంటే, డిప్రెషన్‌కి మొదట దొరికిన మందుల్లో ఒకటి టీబీ వార్డులోనే పుట్టింది. 1952లో న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో టీబీ రోగులకి ఇప్రోనయజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. మంచం మీంచి లేవలేని వాళ్ళకి ఆకలేసింది, హుషారు వచ్చింది, వార్డులో డాన్సులు చేశారు, పేపర్లో ఫోటోలు కూడా పడ్డాయి. ఊపిరితిత్తుల మందు మనసు మీద ఎందుకు పనిచేసిందో అప్పటికి ఎవరికీ అర్థం కాలేదు. 1957 నాటికి దాన్ని డిప్రెషన్‌కి వాడటం మొదలుపెట్టారు, తర్వాత లివర్ దెబ్బతింటోందని ఆపేశారు, అది వేరే సంగతి. క్లోర్‌ప్రోమజైన్ కూడా అంతే, పారిస్‌లో ఆపరేషన్ ముందు రోగిని నిదానపరచడానికి వాడుతూ ఉంటే, అదే 1952లో దాన్ని పిచ్చి అని మనం పిలిచే జబ్బుకి వాడి చూశారు. అంతకుముందు 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు లిథియం అనే ఒక మామూలు లవణంతో ఉన్మాదం తగ్గడం గమనించాడు. ఇంకా మన సర్పగంధ వేరు ఉండనే ఉంది. 1931లోనే కలకత్తా డాక్టర్లు గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ దాని గురించి రాశారు, బీపీకి, ఉన్మాదానికి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ మందులన్నీ ముందు దొరికాయి, ఎలా పనిచేస్తాయో వెతకడం తర్వాత మొదలైంది. ఇప్పటికీ ఆ వెతుకులాట పూర్తవలేదు. "మీ మెదడులో సెరటోనిన్ తగ్గింది, ఈ మందు దాన్ని నింపుతుంది" అని చాలామంది డాక్టర్లు చెప్తారు, నేనూ చాలా ఏళ్ళు చెప్పాను, చెప్పడానికి సులువు కదా, ఐరన్ తగ్గితే ఐరన్ గోలీ అన్నట్టు. అది అంత సూటిగా నిజం కాదు. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో సెరటోనిన్ తగ్గి ఉంటుందనడానికి స్థిరమైన ఆధారం లేదని 2022లో లండన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి రాశారు. దాన్ని పట్టుకుని వాట్సాప్‌లో "డిప్రెషన్ మందులన్నీ మోసం" అని తిప్పారు. జ్వరం పారాసెటమాల్ తక్కువై రాలేదు, అయినా పారాసెటమాల్‌తో తగ్గుతుంది కదా.

ఇప్పుడు అసలు సంగతి. మెదడులో ఒక నరకణానికీ ఇంకోదానికీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. అటువైపు కణం సెరటోనిన్ లాంటి ఒక రసాయనాన్ని వదులుతుంది, ఇటువైపు కణం మీద దాన్ని పట్టుకునే చోట్లు ఉంటాయి, రిసెప్టర్లు అంటాం. పని అయ్యాక మిగిలిన రసాయనాన్ని వదిలిన కణమే ఒక పంపుతో మళ్ళీ లోపలికి లాక్కుంటుంది.

పెళ్ళిలో బంతి భోజనం గుర్తు తెచ్చుకోండి, బఫే కాదు, ఆకులు వేసి వడ్డించేది. తర్వాత బంతి వాళ్ళు వెనక నించుని ఉంటారు, మీరు ఇంకా పెరుగు దగ్గర ఉండగానే ఆకులు ఎత్తేవాడు వచ్చేస్తాడు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లుయోక్సెటిన్, ఈ డిప్రెషన్ గోలీలన్నీ చేసే పని ఆ ఆకులు ఎత్తేవాడిని కాసేపు గుమ్మం దగ్గర ఆపడం. అంతే. కొత్తగా అన్నం వండవు, ఉన్న వడ్డన ఆకు మీద ఇంకాస్త సేపు ఉండేలా చూస్తాయి.

అయితే ఆకులు ఎత్తేవాడిని ఆపడం మొదటి గోలీతోనే, కొన్ని గంటల్లోనే అయిపోతుంది. మరి మనిషికి బాగుందనిపించడానికి రెండు వారాలు, నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు ఎందుకు?

ఎందుకంటే ఆ పందిట్లో ఒక పెద్దమనిషి కూడా ఉంటాడు. ఆకుల మీద పదార్థాలు నిండుగా కనిపించగానే వంటవాళ్ళ దగ్గరికెళ్ళి "చాలు చాలు, తగ్గించండి" అంటాడు. సెరటోనిన్ వదిలే కణం మీదే అలాంటి రిసెప్టర్లు ఉన్నాయి. మందు మొదలుపెట్టగానే అవి గమనించి, ఉత్పత్తి తగ్గించమని సంకేతం పంపుతాయి. అందుకే మొదటి వారం లెక్క ఎక్కడిదక్కడే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా చిరాకుగా ఉంటుంది. రోజూ అదే దృశ్యం చూసి చూసి రెండు మూడు వారాలకి ఆ పెద్దమనిషి అరవడం మానేస్తాడు. అప్పుడు వడ్డన నిజంగా పెరుగుతుంది. ఆ పైన నరకణాల మధ్య కొత్త కొమ్మలు, కొత్త కలయికలు రావడం అనే ఇంకా నెమ్మది పని ఒకటుంది. అది మెదడు తనంతట తాను చేసుకునేది, గోలీ చేసేది కాదు. గోలీ దానికి వీలు కల్పిస్తుంది, అంతవరకే. పూర్తి కథ ఇదేనని నేను ప్రమాణం చేసి చెప్పను, కానీ ఇప్పటికి తెలిసినంతలో ఆలస్యానికి కారణం ఇలాంటిదే.

దీన్ని నేను నా మొదటి ఏళ్ళలో సరిగ్గా చెప్పేదాన్ని కాదు. బ్యాంకులో పనిచేసే ఒకాయనకి మందు రాసి "నెల తర్వాత రండి" అన్నాను, ఓపీలో జనం, టైం లేదు. ఆయన నాలుగు నెలల తర్వాత వచ్చారు, ఇంకా పాడైపోయి. ఏమైందంటే, పది రోజులు వేసుకున్నారట, వికారం, విరేచనాలు, నిద్ర లేదు, మనసుకి మాత్రం ఏమీ తేడా లేదు, "నష్టం ముందే వచ్చింది, లాభం రాలేదు, ఎందుకులే అని మానేశాను మేడం" అన్నారు. బ్యాంకు ఆయన కదా, లెక్క కరెక్టే. తప్పు నాది. శరీరంలో ఉన్న సెరటోనిన్‌లో సుమారు నూటికి 90 వంతులు పొట్టా పేగుల్లోనే ఉంటుంది, మెదడులో కాదు. కాబట్టి మందు ప్రభావం మొదట పొట్టకే తెలుస్తుంది. మామూలుగా వారం పది రోజుల్లో సర్దుకుంటుంది, తిన్నాక వేసుకుంటే ఇంకా నయం. ఈ ఒక్క ముక్క ఆరోజు రెండు నిమిషాలు చెప్పి ఉంటే ఆయనకి నాలుగు నెలలు మిగిలేవి.

ఒక జాగ్రత్త. పాతికేళ్ళ లోపు పిల్లలకి ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు, కొందరిలో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. అందరికీ కాదు. కానీ ఆ రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి, చిరాకు బాగా పెరిగినా, కాలు కుదురుగా నిలవకపోయినా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఫోన్ చేయండి. డాక్టరు దొరక్కపోతే 14416కి చేయండి, టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు.

ఇక త్వరగా పనిచేసే మందు సంగతి. మొన్న ఒక పెద్దావిడ "మేడం, మీ గోలి కంటే మెడికల్ షాపాయన ఇచ్చిన గోలి మంచిగుంది, ఏసుకున్న అరగంటకే పాణం నిమ్మళమైతది" అంది. చూస్తే ఆల్ప్రజోలం, ఆందోళన తగ్గించే గోలీ. నిమ్మళం కాక ఏమవుతుంది? మెదడుకి సహజంగా ఒక బ్రేకు ఉంది, గాబా అంటారు. ఈ జాతి మందులు కొత్త బ్రేకు వేయవు, మీరు కాలు పెట్టినప్పుడల్లా ఆ బ్రేకు ఇంకా గట్టిగా పడేలా చేస్తాయి. ఆ పని వెంటనే జరుగుతుంది, వారాలు అక్కర్లేదు. సారా, విస్కీ, ఇవి కూడా చాలావరకు అదే బ్రేకు మీద పనిచేస్తాయి. మన భాషలో రెండింటినీ మందే అంటాం, తెలిసే అన్నారేమో పెద్దవాళ్ళు.

మన తెలంగాణలో దీన్ని పాఠంగా చెప్పక్కర్లేదు, ఊళ్ళకి ఊళ్ళే చూశాయి. కల్తీ కల్లులో కలిపేది ఏంటనుకుంటున్నారు? ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్. 2015లో ఎక్సైజ్ వాళ్ళ దాడులు పెరిగి కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్ వైపు జనం వింతగా ప్రవర్తించారు, ఫిట్స్ వచ్చాయి, ఆస్పత్రుల్లో పడకలు చాల్లేదు. బయటివాళ్ళకి అది తాగుడు పిచ్చిలా కనిపించింది. నిజానికి రోజూ ఎవరో బ్రేకు నొక్కుతున్నారని మెదడు ఆ లెక్కన యాక్సిలరేటర్ పెంచుకుని కూర్చుంది. ఆ కాలు ఒక్కరోజులో తీసేస్తే బండి ఎటు పోతుంది? మూడేళ్ళుగా రాత్రి పూట 0.5 ఆల్ప్రజోలం వేసుకుంటున్న మన ఇంటి అమ్మమ్మకీ అదే జరుగుతుంది, కాస్త తక్కువ మోతాదులో. అందుకని ఇవాళ నా మాట విని రేపు ఆపేయకండి, నెలల మీద, కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి, డాక్టరు చేత. కొద్ది రోజులకి, అవసరమైనప్పుడు వాడితే అది మంచి మందే. చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్1లో పెట్టారు, పెట్టినా మీకెలా దొరుకుతోందో మీకే తెలుసు.

(వెనక నుంచి ప్రశ్న: మరి డిప్రెషన్ గోలీలు కూడా అలవాటు పడవా?)

మంచి ప్రశ్న. అలవాటు అనే మాటలో రెండున్నాయి. ఇంకా కావాలి, ఇంకా పెంచాలి, దాని కోసం అబద్ధమాడాలి, అనేది ఒకటి. అది ఈ మందులకి రాదు, ఎస్సిటాలోప్రామ్ కోసం పుస్తెలు తాకట్టు పెట్టినవాడిని నేను చూడలేదు. రెండోది, శరీరం అలవాటు పడి, ఒక్కసారి ఆపితే గొడవ చేయడం. అది ఉంది. తల తిరగడం, చిరాకు, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు జివ్వుమనడం. ఒంట్లోంచి త్వరగా వెళ్ళిపోయే పారోక్సెటిన్ లాంటి వాటితో ఎక్కువ, వారాల తరబడి మిగిలి ఉండే ఫ్లుయోక్సెటిన్‌తో తక్కువ. ఇదేమీ ఉండదని చెప్పే డాక్టర్లూ తప్పే, దీన్ని చూపించి భయపెట్టే యూట్యూబ్ వాళ్ళూ తప్పే.

ఇంకో రకం మందులున్నాయి, లేని మాటలు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనిపించడం, వీటికి వాడేవి. రిస్పెరిడోన్, ఓలాంజపైన్, హాలోపెరిడోల్. ఇక్కడ కథ డోపమైన్ అనే ఇంకో మెదడు రసాయనానిది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం చూడండి, ఈ మందు చేసేది అదే, సీటు అంటే ఇందాక చెప్పిన రిసెప్టర్. సీటు మీద కర్చీఫ్ ఉంటుంది, కూర్చోదు, ప్రయాణం చేయదు, డోపమైన్ వచ్చి చూసి వెళ్ళిపోతుంది. మెదడు స్కాన్లు చేసి ఎన్ని సీట్ల మీద కర్చీఫ్ పడితే ఏం జరుగుతుందో కూడా లెక్క కట్టారు. సుమారు నూటికి 65 సీట్లు ఆగితే లక్షణాలు తగ్గడం మొదలవుతుంది. 80 దాటితే చేతులు వణకడం, మొహం బిగుసుకుపోవడం, నడక రోబోలా అవడం. ఎందుకంటే ఒళ్ళు కదలడానికీ అదే డోపమైన్ కావాలి, ఆ పనికి వెళ్ళేవాళ్ళూ ఆ బస్సే ఎక్కాలి. "డోసు పెంచండి మేడం, త్వరగా తగ్గుతుంది" అని అడుగుతారు కదా, 65కీ 80కీ మధ్య ఎంత చోటుందో మీరే చూడండి. ఆ వణుకుకే ట్రైహెక్సీఫెనిడిల్ అనే ఇంకో చిన్న గోలీ జతచేస్తాం, జబ్బుకి కాదు. ఓలాంజపైన్‌తో వేరే గొడవ, ఆకలి, బరువు, షుగరు. మన ఇళ్ళల్లో అసలే షుగరు, కాబట్టి మొదలుపెట్టకముందే బరువు, రక్తం చూసుకోవాలి. ఇంకో చిన్న సంగతి, బీడీ సిగరెట్ పొగ లివర్‌ని రెచ్చగొట్టి ఓలాంజపైన్, క్లోజపైన్‌లని త్వరగా కరిగించేస్తుంది. సిగరెట్ మానేస్తే సంతోషమే, కానీ డాక్టరుకి చెప్పండి, అదే డోసు ఎక్కువైపోయి మనిషి మత్తుగా పడుంటాడు.

పెరుగన్నం విషయం కూడా చెప్పాలి. కొడుకు మందు వేసుకోనంటాడు, తల్లి గోలీని రోట్లో నూరి పెరుగన్నంలో కలుపుతుంది. ఎందుకలా చేస్తారో నాకు తెలుసు, తిట్టను. ఒక తల్లి ఏడు నెలలు అలాగే పెట్టింది, ఒకరోజు గిన్నె అడుగున తెల్లటి ముక్క కొడుక్కి కనిపించింది. అమ్మ విషం పెడుతోందని అప్పటిదాకా అతనికి అనుమానం, ఇప్పుడు సాక్ష్యం దొరికింది. ఆ తర్వాత ఇంట్లో నీళ్ళు కూడా తాగలేదు. ఇది ఒకటైతే, పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్ అని ఉన్న గోలీలు రోజంతా కొంచెం కొంచెంగా వదలడానికి చేసినవి, నూరితే రోజు డోసంతా గంటలో రక్తంలోకి పోతుంది. నాలుక మీద కరిగేవి ఉన్నాయి, నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, అడగండి.

లిథియం వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తక్కర్లేదు, వింటే చాలు. అది ఉప్పుకి అన్నదమ్ముడు, కిడ్నీ రెండింటినీ ఒకేలా చూస్తుంది. మన మే నెల ఎండలో ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోతే కిడ్నీ ఉప్పుని పట్టి ఉంచుకుంటుంది, దాంతోపాటు లిథియంనీ. రక్తంలో అది మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలి, 1.5 దాటితే విషం. వాంతులు, నడక తూలడం, చేతులు బాగా వణకడం మొదలైతే ఆ పూట గోలీ వేసుకోకుండా ఆస్పత్రికి రండి. రంజాన్ ఉపవాసమైనా, ఏకాదశి అయినా ముందు నాతో మాట్లాడండి. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ సొంతంగా వేసుకోకండి, అవీ లిథియంని పెంచుతాయి. ఇంత జాగ్రత్త అవసరమైన మందు ఎందుకంటారా? ఆత్మహత్యలు తగ్గించడంలో దానికున్న పేరు ఈ రంగంలో ఇంకే మందుకీ లేదనొచ్చు, అందుకు.

(ముందు వరస నుంచి: జీవితాంతం వాడాల్సిందేనా?)

జబ్బుని బట్టి. మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే, బాగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి మెల్లగా తగ్గిస్తాం. బాగయ్యాక ఎందుకంటారు అందరూ. మీ ఇంటి శ్లాబు సంగతే చూడండి, పోసిన మర్నాడే గట్టిపడినట్టు కనిపిస్తుంది, దాని మీద నడవొచ్చు కూడా, అయినా కింద సెంట్రింగ్ కర్రలు రెండు మూడు వారాలు తీయరు. ఎన్నిసార్లు తిరగబెట్టిందో దాన్ని బట్టి కొందరికి ఏళ్ళు పడుతుంది, ఉన్మాదం, డిప్రెషన్ మార్చి మార్చి వచ్చే బైపోలార్‌కి, లేని మాటలు వినిపించే స్కిజోఫ్రీనియాకి చాలామందికి ఎక్కువ కాలమే. కౌన్సెలింగ్‌తో సరిపోతుందా అని కూడా ఒకరు చీటీ పంపారు. తేలికపాటి డిప్రెషన్‌కి చాలాసార్లు సరిపోతుంది, మాటలు వినిపించే దశలో సరిపోదు.

ఏడున్నరకి హాలు మూసేయాలట, వాచ్‌మన్ ఇప్పటికే రెండుసార్లు తొంగిచూశాడు. అమ్మా, మీరు ఇందాకటి నుంచి ఆ ప్లాస్టిక్ కవర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, ఇలా ఇవ్వండి చూస్తాను. ఇదిగో, అందరూ చూడండి, షాపులో కత్తెరతో పది గోలీల స్ట్రిప్పుని ఆరుకి కత్తిరించి ఇచ్చారు, ఎక్స్‌పైరీ డేటు పోయింది. ఇలా కత్తిరిస్తే తీసుకోకండి, డేటున్న సగం అడగండి. ఇది ఎప్పుడు వేసుకుంటారమ్మా?

"తెల్లది పొద్దున, గులాబీ డబ్బలది రాత్రి, మేడం. తెల్లది పాత డాక్టర్‌ది, గులాబీది కొత్త డాక్టర్‌ది."

పాతది కొత్త డాక్టరుకి చూపించారా?

"లేదు మేడం, ఆయన అడగలే."

కళ్ళజోడు ఏదీ... ఇదిగో, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, ఇక్కడ ఎస్సిటాలోప్రామ్ 10, ఇక్కడా ఎస్సిటాలోప్రామ్ 10. రెండూ ఒకటే మందమ్మా. ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నారు రెండూ? బాబూ, ఆ మైకు ఆపేయండి, ఈవిడతో నేను విడిగా మాట్లాడాలి.